సంఘసేవకుడెవరు? : సమాజకార్య వృత్తి, దాని సంఘముల స్థితిపై ఒక విమర్శ

మన భాషలో ‘సంఘసేవకుడు’ అను మాటకున్నంత విశాలమైన అర్థము మరి యే వృత్తినామమునకును లేదు. వేసవిలో చలివేంద్రము పెట్టించినవాడు సంఘసేవకుడు. వరదలలో పులిహోర పొట్లములు పంచినవాడు సంఘసేవకుడు. పురపాలక సంఘపు ఎన్నికలలో ఓడి, మరల నిలువదలచినవాడును తన పేరు ప్రక్కన సంఘసేవకుడనియే అచ్చు వేయించుకొనును. మన తెలుగు సంఘముల వార్షిక సంచికలను తిరుగవేసినచో దాతల ఛాయాచిత్రముల క్రింద నుండు బిరుదమును ఇదియే. వీరిలో నెవరినైనను తక్కువ చేయవలెనని నా తలంపు కాదు. కాని రెండు సంవత్సరములు విశ్వవిద్యాలయమున చదివి, ఆస్పత్రి వార్డులలోను మురికివాడలలోను శిక్షణ పొంది, ఎం.ఎస్‌.డబ్ల్యు. పట్టము పుచ్చుకొని వచ్చిన యువతి తన వృత్తి యేమని చెప్పుకొనవలెను? ఆమెయు సంఘసేవకురాలే. వినినవారు, ‘ఆ పనికి జీతము కూడ నిచ్చెదరా?’ అని అడుగుదురు. ఆ ప్రశ్నలోని ఆశ్చర్యమే ఈ వ్యాసమునకు మూలము.

ఇరుగుపొరుగు భాషలవారు ఈ చిక్కును కొంత గుర్తించిరి. మరాఠీలోను కన్నడములోను ‘సమాజకార్య’ మనియు, తమిళమున ‘సమూకప్పణి’ యనియు వాడుచున్నారు. ‘సేవ’ను వదలి ‘కార్యము’ను, ‘పణి’ని గ్రహించుటలో ఒక వివేకమున్నది. సేవకు ప్రతిఫలము కోరుట తప్పు. పనికి కూలి అడుగుట తప్పు కాదు. మనకును పాఠ్యగ్రంథములలో ‘సమాజకార్యము’ అను మాట యున్నది గాని, అది తరగతిగది గుమ్మము దాటి వీధిలోనికి రాలేదు. పైగా మన ‘సంఘము’నకు సమాజమనియు, సభ్యులు చేరి పెట్టుకొన్న సంస్థయనియు రెండర్థములు. కావున ఈ వృత్తివారు ఒక సంస్థ పెట్టుకొన్నచో అది ‘సంఘసేవకుల సంఘము’ కావలసి వచ్చును. వినుటకు వింతగానున్నను, ఆ వృత్తియొక్క కష్టములలో సగము ఈ పేరులోనే యిమిడియున్నవి. ఈ వ్యాసములో వృత్తిని ‘సమాజకార్య’ మనియు, దానియందు శిక్షణ పొందినవారిని ‘సమాజకార్యకర్త’ లనియు వ్యవహరింతును.

పాశ్చాత్యదేశములలోను ఇది ఒక్కనాడు ఏర్పడిన వృత్తి కాదు. లండనులో 1869లో దానధర్మములను క్రమబద్ధము చేయుటకొక సంస్థ ఏర్పడినది. ఎవరికి దానమీయవలెను, ఎవరికి ఈయరాదు అను విచారణకై ఇంటింటికి పోయి కుటుంబస్థితిని వ్రాసికొను అలవాటు అక్కడ బలపడినది. 1895లో లండను నగరపు రాయల్‌ ఫ్రీ ఆస్పత్రిలో మేరీ స్టూవర్టు అను నామె నియుక్తురాలైనది. ఉచితవైద్యమునకు అర్హులెవరో తేల్చుట ఆమె పని. ఈ రెండింటను ఒకే పోలిక: ఈ వృత్తి మొదట ధర్మమునకు కావలిగా పుట్టినది, ఆర్తునకు మిత్రముగా తరువాత మారినది. ఆ కావలి స్వభావము నేటికిని పూర్తిగా పోలేదనుటకు నా అనుభవమొకటి ముందు చెప్పెదను.

1915లో బాల్టిమోరులో జరిగిన దానధర్మ సంస్థల మహాసభలో ఏబ్రహాం ఫ్లెక్స్‌నరు ఒక ప్రసంగము చేసెను. అతడు సమాజకార్యకర్త కాడు. అమెరికాలోని వైద్యకళాశాలలను పరిశీలించి 1910లో నివేదిక వ్రాసి, వానిలో నాసివానిని మూయించుటకు కారకుడైన విద్యావేత్త. సమాజకార్యము వృత్తియా? అని ప్రశ్నించి, ఇంకను కాదని అతడు తీర్పు చెప్పెను. వైద్యునకు వైద్యము, న్యాయవాదికి న్యాయశాస్త్రము ఉన్నట్లు దీనికి తనదియని చెప్పదగిన, ఇతరులకు బోధింపదగిన విద్య లేదనియు, ఈ వృత్తివారు రోగిని వైద్యుని కడకు, బాలుని బడికి, దీనుని దాతకడకు చేర్చు మధ్యవర్తులు మాత్రమేయనియు అతని వాదము. ఈ మాట ఆ వృత్తిని ముల్లువలె గ్రుచ్చినది. రెండేండ్లకే, 1917లో, మేరీ రిచ్‌మండు ‘సోషల్‌ డయాగ్నోసిస్‌’ అను గ్రంథమును ప్రకటించి, ఒక కుటుంబపు కష్టమును విచారించి, సాక్ష్యములను తూచి, నిదానము చేయు పద్ధతిని విపులముగా వివరించినది. వైద్యుని పరిభాషయే ఆ గ్రంథనామమునకెక్కుట గమనింపదగినది. ఆనాటినుండి ఈ వృత్తికి పట్టుకొన్న జబ్బు ఒకటి కలదు: తాను వృత్తినని నిరూపించుకొను తొందర. మధ్యవర్తిత్వము తక్కువ పనియని ఫ్లెక్స్‌నరు అనుకొనినదానిని ఆ వృత్తివారును అంగీకరించుటే పొరపాటని నా అభిప్రాయము. ఊరు, భాష, అక్షరము లేని మనుష్యునకు పట్టణమునందలి ఆస్పత్రికిని తనకును నడుమ నిలుచువాడు దొరకుట ఎంత అరుదో, దాని విలువ యెంతో వలసపోయినవారికి తెలియును.

ఆ విద్య మన దేశమునకు వచ్చిన తీరును విచారించినచో, అది తెలుగువారి గుమ్మము ముందే దిగినదని చెప్పవచ్చును. క్లిఫర్డు మాన్‌షార్టు అను అమెరికను మతబోధకుడు 1925లో బొంబాయికి వచ్చి, నాగపాడాలో ఒక పొరుగువారి సేవాగృహమును నడపెను. దొరాబ్జీ టాటా ధర్మనిధి సహాయముతో 1936లో మన దేశపు మొదటి సమాజకార్య విద్యాలయము ఆ గృహమునందే ఆరంభమైనది. 1944లో దానికి టాటా సమాజవిజ్ఞాన సంస్థయని పేరు మారినది. 1964లో విశ్వవిద్యాలయముతో సమానమగు హోదా లభించినది. నాగపాడాకు ఆనుకొనియే కామాటిపురా ఉన్నది. తెలంగాణమునుండి ఇండ్లు కట్టుటకును రోడ్లు వేయుటకును వచ్చిన మన కామాటి కూలీల పేరుననే ఆ పేట వెలసినది. అనగా, ఈ దేశమున సమాజకార్యమును చదువుటకు కూర్చున్న మొదటి తరగతి, తెలుగు కూలీల వాడకు పది నిమిషముల నడక దూరమున నున్నది.

ఇంత దగ్గర పుట్టిన విద్య ఆ వాడ భాషను నేర్చినదా? పాఠములు ఆంగ్లమున, గ్రంథములు అమెరికావి, ఉదాహరణములు చికాగో, న్యూయార్కు కుటుంబములవి. స్వాతంత్ర్యానంతరము పెక్కుమంది అధ్యాపకులు అమెరికాకు పోయి చదివి వచ్చిరి. వారి కృషి చిన్నది కాదు. 1940లో ఆరంభమైన ‘ఇండియన్‌ జర్నల్‌ ఆఫ్‌ సోషల్‌ వర్క్‌’ పత్రిక సంపుటములు తిరుగవేసినచో, ఈ దేశమున భిక్షాటనము, బాలనేరములు, కార్మికుల నివాసములు మొదలగువానిపై ఓపికతో చేసిన పరిశీలనలు కనబడును. విమర్శ వారి విద్వత్తుపై గాదు. ఒక రోగితో ఏకాంతమున మాటలాడి ఆమె మనస్సులోని భారమును గ్రహించుటయే ప్రధానమైన పనిముట్టుగా గల వృత్తి, ఆమె భాషను ఐచ్ఛిక విషయముగా విడిచిపెట్టుట యేమి? శస్త్రవైద్యుడు కత్తి తెచ్చుకొనుటను ఐచ్ఛికముగా నెంచునా?

ఇప్పుడు నా అనుభవము. కొన్ని సంవత్సరముల క్రిందట ముంబయిలోని ఒక పెద్ద ఆస్పత్రికి, పాలమూరు ప్రాంతమునుండి వచ్చిన ఒక తాపీపనివాని భార్యకు దుబాసీగా పోయితిని. ఆమెకు క్షయ. మందు మూడు నెలలు మ్రింగి మానివేసినది. వార్డులో సమాజకార్యకర్త యున్నది, సుశిక్షితురాలు, సహృదయ. కాని ఆమె బల్లపై ఆనాటి ఉదయముననే నలువదికి పైగా కాగితములు పేరుకొనియున్నవి. అన్నియు బీదరోగుల సహాయనిధికి దరఖాస్తులే. ‘మందు ఎందుకు మానివేసితివి?’ అని హిందీలో ఆమె అడిగినది. రోగి తల వంచుకొని, నాతో తెలుగున, ‘గీమె పైసలిచ్చే మేడమేనా?’ అని అడిగినది. ఔనన్నచో ఒక విధముగను, కాదన్నచో వేరొక విధముగను ఆమె ప్రత్యుత్తరమీయదలచినది. నేను ఏమియు చెప్పలేదు. అరగంట గడచిన తరువాత తెలిసినదేమనగా, మేస్త్రీ ఆ కుటుంబమును ఒక కట్టడమునుండి వేరొక కట్టడమునకు మార్చినాడు. మందు దొరకు కేంద్రము మొదటి కట్టడమునకు దగ్గర. అక్కడికి పోయిరావలెనన్న ఒక పూట కూలి పోవును. పోవుచున్నదని తెలిసినచో జబ్బు సంగతి మేస్త్రీకి తెలియును. ఇందులో రోగి మూర్ఖత్వము లేదు, అశ్రద్ధ లేదు. ఆ సమాజకార్యకర్త ఈ మాటలను నా నోట విని, వెంటనే ఫోనులో మాటలాడి, రెండవ కట్టడము దగ్గరి కేంద్రమునకు ఆమె పేరు మార్పించినది. పది నిమిషముల పని. ఆ పది నిమిషములకు ముందు అరగంట తెలుగు కావలసి వచ్చినది.

ఆస్పత్రులలో సమాజకార్యకర్తల నియామకము మన దేశమున 1946లో బొంబాయి జె.జె. ఆస్పత్రితో మొదలైనదందురు. నేటివరకు పెక్కు ఆస్పత్రులలో వారి దినమంతయు నిధుల దరఖాస్తులకే చెల్లుచున్నది. మేరీ స్టూవర్టు చేసిన కావలి పనియే ఇది. ‘పైసలిచ్చే మేడం’ అని రోగులు పెట్టిన పేరు హేళన కాదు. వారు చూచినదానికి పెట్టిన పేరు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌ ఆస్పత్రిలో పరిస్థితి కొంత మేలు. అనంతపురము, చిత్తూరు ప్రాంతములనుండి మనవారు పెక్కుమంది అక్కడికి పోవుదురు; ఆ నగరమున తెలుగు వచ్చినవారు అరుదు కానందున రోగి గోడు ఎట్లో అర్థమగును. కాని అది నగరముయొక్క భాగ్యమే గాని వృత్తి చేసికొన్న ఏర్పాటు కాదు.

కర్మాగారముల విషయము వేరొక పాఠము నేర్పును. 1931లో రాయల్‌ కమిషను, కూలీలను చేర్చుకొనుటలో జమేదారుల దోపిడిని మాన్పుటకై కార్మికాధికారులను నియమింపవలెనని సూచించినది. 1948 కర్మాగారముల చట్టము 500 మంది, అంతకు పైగా పనివారున్న చోట సంక్షేమాధికారి ఉండితీరవలెనని విధించినది. సమాజకార్య విద్యాలయములకు ఇది వరమైనది; కార్మిక సంక్షేమమను శాఖలో చేరు విద్యార్థులు పెరిగిరి. అయితే ఈ అధికారి జీతము యజమానిది, విధి కార్మికునిది. కార్మికునిపై క్రమశిక్షణ చర్యలలో యజమాని పక్షమున నిలువరాదని పెక్కు రాష్ట్రముల నిబంధనలలో వ్రాసిరి. ఆ నిబంధన వ్రాయవలసి వచ్చుటయే జరుగుచున్నదేమో తెలుపుచున్నది. క్రమముగా ఆ శాఖ సిబ్బంది నిర్వహణముగా మారినది. తరువాత ‘హ్యూమన్‌ రిసోర్సెస్‌’ అను పేరు ధరించినది. జీతములు పెరిగినవి, సమాజకార్యమను పేరు తలచుకొనుటకు వారిలో చాలమందికి మొగమాటము కలిగినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా సంహిత ఆ 500 సంఖ్యను 250కి తగ్గించినది.

ఇంతకు, 500 అయినను 250 అయినను, ఆ లెక్కలోనికి రానివారెవరు? షోలాపూరు పోయి చూడవలెను. అక్కడి మన పద్మశాలి కుటుంబములలో పురుషులు మిల్లులోను మరమగ్గములపైనను పనిచేయగా, స్త్రీలు వేలకొలది బీడీలు చుట్టుచు బ్రదికిరి, నేటికిని చుట్టుచున్నారు. ఆకు, పొగాకు కంపెనీ నుండి తెచ్చుకొని యింటనే చుట్టి, సాయంకాలమున లెక్క అప్పగింతురు. కర్మాగారపు గోడ లేదు గనుక సంక్షేమాధికారి లేడు. 1966 బీడీ కార్మికుల చట్టము ఇంటియొద్ద పనిచేయువారిని గుర్తించినది. 1976లో ప్రత్యేక సుంకముతో సంక్షేమనిధి యేర్పడినది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు ఆ సుంకము తొలగినది. ఈ నిధినుండి పిల్లల చదువునకు సహాయము పొందుటకు గుర్తింపు కార్డు, కంపెనీ సంతకము, దరఖాస్తు కావలెను. ఈ మూటిని సమకూర్చిపెట్టు మనుష్యుడు వాడలో కార్మికసంఘపు కార్యకర్తయే గాని సమాజకార్యకర్త కాడు. చట్టము ఎక్కడ ఉద్యోగమిచ్చినదో అక్కడికే వృత్తి పోయినది. కష్టమున్న చోటికి పోయి ఉద్యోగమును సృష్టించుమని ప్రభుత్వమును గట్టిగా అడుగలేదు. కఠినముగా తోచవచ్చును గాని నాకీ విషయమున సందేహము లేదు.

స్వచ్ఛంద సేవకులతో ఈ వృత్తికి గల వైరమును గూర్చి తెలుగువారు ప్రత్యేకముగా ఆలోచింపవలసియున్నది. ఏలయన, స్వతంత్ర భారతమున సంక్షేమశాఖకు స్వరూపమిచ్చిన వ్యక్తి మనవారే. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు మదరాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైరి. ఆమె చదివినది న్యాయశాస్త్రము; సమాజకార్య విద్యాలయపు మెట్టు ఎక్కినవారు కారు. మండలి ధనము స్వచ్ఛంద సంస్థలకు ప్రవహించినది. పల్లెలలో కొలది కాలపు శిక్షణ పొందిన గ్రామసేవికలు పని ప్రారంభించిరి. చదువు నడుమ మానిన స్త్రీలకు 1958 నుండి సంక్షిప్త పాఠ్యక్రమములు నడచినవి. శిక్షితులైన సమాజకార్యకర్తలు తమను పట్టించుకొనలేదని గొణిగిరి. ఆ గొణుగుడులో న్యాయము లేకపోలేదు. సంస్థల అధ్యక్షపీఠములలో పలుకుబడి గల కుటుంబముల స్త్రీలు కూర్చుండుట, జీతముపై వచ్చిన శిక్షితురాలిని గుమాస్తావలె చూచుట పెక్కుచోట్ల జరిగినది. కాని ఆనాడు దేశమున శిక్షణ పొందినవారెందరు? బొంబాయి, ఢిల్లీ, కాశి, బరోడాల తరువాత 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవు గారి కృషిచే మదరాసులో విద్యాలయము వచ్చినది. పిడికెడు విద్యాలయములు, లక్షలకొలది పల్లెలు. శిక్షితులకై వేచియున్నచో దుర్గాబాయమ్మగారు నేటికిని వేచియుండవలసినదే.

వెనుకకు పోయినచో వీరేశలింగము పంతులుగారు కలరు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిపించిన తొలి వితంతు వివాహమును గూర్చి మనమందరము ఎరుగుదుము, ఉపన్యాసములలో చెప్పుదుము. ఆ మరునాటినుండి జరిగిన పనిని గూర్చి అంతగా చెప్పము. వివాహముతో పని ముగియలేదు. బంధువులు వెలివేసిన దంపతులకు నివాసము చూపవలెను, జీవనము కల్పింపవలెను, పురోహితుడు, వంటమనిషి దొరకని యింటిని నడపవలెను. పైడా రామకృష్ణయ్యగారి వంటి దాత ధనమిచ్చినను, ఆ దంపతుల దినదినపు కష్టము పంతులుగారి పైనను రాజ్యలక్ష్మమ్మగారి పైనను పడినది. నేటి సమాజకార్య గ్రంథములలో, సహాయము పొందిన కుటుంబమును తరువాత చాలకాలము కనిపెట్టి యుండుటకు ప్రత్యేకమైన అధ్యాయములున్నవి. ఆ పనిని ఆ దంపతులు ఏ పాఠశాలలోను నేర్వక చేసిరి. ఈ చరిత్రను సమాజకార్య విద్యార్థులకు చికాగో గృహముల చరిత్రతో పాటుగా చదివించినచో, స్వచ్ఛంద సేవయు వృత్తియు శత్రువులు కావని వారికి తెలియవచ్చును. సేవాభావము ఆరంభించును, ఆరంభించినదానిని ఏండ్ల తరబడి నిలుపుటకే విద్య కావలెను.

ఇక వృత్తిసంఘముల సంగతి. వైద్యులకు, న్యాయవాదులకు చట్టముచే నేర్పడిన మండలులున్నవి, పట్టిక యున్నది, పట్టికలో లేనివాడు ఆ పేరు పెట్టుకొనరాదు. సమాజకార్యకర్తలకు అట్టిది లేదు. విద్యాలయములకు ఒక సంఘము, మానసిక వైద్యశాలలలో పనిచేయువారికి వేరొక సంఘము, రాష్ట్రమునకొక సంఘము పుట్టినవి. శిక్షితులందరకును కలిపి యేర్పడిన అఖిలభారత సంఘమొకటి కొన్ని యేండ్లు నడచి మూగవోయినది. 2005లో ఢిల్లీలో జాతీయ సంఘము వేరొకటి వెలసినది. జాతీయ మండలికై 1990ల దశకమునుండి ముసాయిదాలు తయారగుచునే యున్నవి. ప్రత్యేక శాసనము మాత్రము కాలేదు. 1997లో టాటా సంస్థ అధ్యాపకుల వేదిక ఒక నీతినియమావళిని ప్రకటించినది. అది మంచి పత్రము. దానిని ఉల్లంఘించినవానిని విచారించు అధికారము మాత్రము ఎవరికిని లేదు.

ఈ పేరునకు యజమాని లేకపోవుటచే కలుగు అనర్థమునకు చట్టమునందే సాక్ష్యమున్నది. 2015 బాలన్యాయ చట్టము ప్రకారము బాలన్యాయ మండలిలో న్యాయాధికారితో పాటు ఇద్దరు ‘సోషల్‌ వర్కరు’లు కూర్చుందురు. వారికి కావలసిన అర్హత యేమి? పిల్లల ఆరోగ్యము, విద్య, సంక్షేమములలో ఏడేండ్లు పనిచేసియుండుట, లేదా బాలమనస్తత్వము, మనోవైద్యము, సమాజశాస్త్రము, న్యాయశాస్త్రములలో నొకదానియందు పట్టముతో వృత్తి సాగించుచుండుట. ఆ నాలుగవ సెక్షనును మరల మరల చదివితిని. సమాజకార్య పట్టము ఆ వరుసలో లేదు! సమాజకార్యకర్తను నియమించుటకు సమాజకార్యము చదివియుండుట ఒక అర్హతగానైనను చట్టము పేర్కొనలేదు. బాలల సంక్షేమ సమితుల సభ్యుల అర్హతలలో మాత్రము ఆ పేరు కలదు. ఒక చట్టములో వృత్తినామము కనబడుటయే గౌరవమని సంతోషించినవారు, దాని క్రింది పంక్తిని చదివినట్లు లేదు.

2021లో ఆరోగ్యరంగపు అనుబంధ వృత్తుల చట్టము వచ్చినది. అందు ఆస్పత్రులలోను మానసిక వైద్యశాలలలోను పనిచేయు సమాజకార్యకర్తలకు చోటు లభించినది. వారికి పట్టిక యేర్పడును. శుభమే. కాని పల్లెలో, బాలగృహములో, చెరసాలలో, కూలీల అడ్డాలో పనిచేయువారు ఆ పట్టికకు వెలుపల నిలిచిరి. ఒకే పట్టము పుచ్చుకొన్నవారిలో కొందరు చట్టబద్ధులు, కొందరు అనామకులు కాగలరు. వృత్తిసంఘములు నేడు ముఖ్యముగా ఆలోచింపవలసినది ఇది; జీతము తక్కువ, ఒప్పందము పదునొకండు నెలలది, విదేశధనము నిలిచినచో ఉద్యోగము నిలిచిపోవునది అయిన ఆ రెండవ తెగవారికే సంఘముయొక్క అవసరము మిక్కుటము. చందా కట్టలేనివారును వారే.

మండలి వచ్చినచో అన్నియు చక్కబడునని సంఘముల నాయకులు చెప్పుచుందురు. మండలి కావలెననుటలో నాకును భేదము లేదు. కాని వైద్యుల మండలికి బలము చట్టముచేతనే వచ్చినది కాదు. నకిలీ వైద్యునకును నిజమైన వైద్యునకును భేదము రోగికి తెలియును, తెలియనిచో ప్రాణము పోవును. నకిలీ సంఘసేవకునకును శిక్షితునకును భేదము కామాటిపురా కూలీకి తెలియునా? తెలిసినచో అతడే అడుగును. ఆ కూలీ మనస్సులో సంపాదింపవలసిన గుర్తింపును ఢిల్లీలో సంపాదింపజూచుట, పునాది విడిచి పైకప్పునుండి ఇల్లు కట్టుట వంటిది. ఒక ఆక్షేపణ యున్నది: పట్టిక కట్టినచో, పట్టము లేకున్నను వాడలో ముప్పది యేండ్లు పనిచేసిన స్త్రీలను బయటికి నెట్టుట కాదా? ఔను, ఆ భయము నిజమైనదే. అనుభవమునకు పరీక్ష పెట్టి వారిని చేర్చుకొను మార్గమును ముందుగా నేర్పరచని యే శాసనమునైనను నేను మెచ్చను.

శాసనమునకై వేచియుండనవసరము లేని పనులు కొన్ని కలవు. అందు మొదటిది భాషల పట్టిక. ఏ ఆస్పత్రిలో, ఏ బాలగృహములో, ఏ కుటుంబ న్యాయస్థానమున ఏయే భాషలు వచ్చిన శిక్షితులున్నారో వ్రాసి ప్రకటించుటకు పార్లమెంటు అక్కరలేదు. ముంబయిలో తెలుగు మాధ్యమపు పురపాలక పాఠశాలలు నడచినవి. వానిలో చదివిన పిల్లలు కొందరు సమాజకార్యమును చదివియుందురు. మహారాష్ట్రలో మరాఠీ మాధ్యమమున సమాజకార్యము బోధించు కళాశాలలు పెక్కు గలవు. షోలాపూరు, భీవండీ తెలుగు పిల్లలు వానిలో చేరుచునే యున్నారు. బరంపురములో ఒడియాయు తెలుగును రెండును ఇంటిభాషలుగా గలవారు వీధికొకరు. ఈ ద్విభాషా సంపదను వృత్తిసంఘములు లెక్కింపలేదు. మన తెలుగు సంఘములును లెక్కింపలేదు. మనము ఉగాదికి కవిసమ్మేళనము చేయుదుము, చేయవలసినదే. ఆస్పత్రి వార్డులో తెలుగు వినబడవలెనని ఒక తీర్మానమైనను చేసినట్లు నాకు జ్ఞాపకము లేదు.

మన సంఘములు సభ్యుల పట్టికలను అచ్చువేయుచుండుట కద్దు. వైద్యులకొక వరుస, న్యాయవాదులకొక వరుస, లెక్కల నిపుణులకు, గృహనిర్మాణము చేయించువారికి వరుసలుండును. ఆ మధ్య మహారాష్ట్రలోని ఒక తెలుగు సంఘమువారి పట్టిక తయారగుచుండగా, బీడీలు చుట్టు తల్లి కూతురొకతె, మరాఠీలో సమాజకార్యము చదివి ప్రథమశ్రేణి పట్టము పొందినది, తన పేరును చేర్చుమని వ్రాసినది. తెలుగు, మరాఠీ, హిందీ వచ్చుననియు, ఆదివారములలో ఆస్పత్రికి తోడు రాగలననియు క్రింద చేర్చినది. ఆ ఉత్తరమును నేను స్వయముగా చూచితిని. కార్యదర్శిగారు మంచివారు, ఆమెను గౌరవింపదలచిరి. అచ్చయిన పుస్తకములో ఆమె పేరు ‘సంఘసేవకులు, దాతలు’ అను వరుసలో, సత్రమునకు పదివేల రూపాయలిచ్చిన ఒక వస్త్రవ్యాపారి పేరు క్రింద ఉన్నది. భాషల సంగతి, ఆదివారముల సంగతి స్థలాభావముచే వదలివేసిరి.